ఉన్నదే వడ్డించుడి

(గృహ ప్రార్థన కూడికలకును, స్త్రీల సమాజములకును పాఠము)

చదువవలసిన భాగములు: సామెతలు 15:16, 17, 1 రాజులు 17:8–16, యోహాను 21:9–13, 1 కొరింథీయులకు 11:20–22, 33.

ముఖ్యాంశము: ఇంటిలో ఉన్నదానిని శుభ్రముగా వండి, సిగ్గుపడక పదిమందితో పంచుకొనుటయే క్రైస్తవ ఆతిథ్యము. లేనిదానిని వడ్డీకి తెచ్చి వడ్డించుట ఇంటికి ఉరి.



ఈ నెల పాఠము పొయ్యి దగ్గర ప్రారంభమగుచున్నది. వంటను గూర్చి బైబిలు పాఠమేమిటని కొందరు నవ్వవచ్చును. అయితే పునరుత్థానుడైన మన ప్రభువు తిబెరియ సముద్రతీరమున చేసిన పనిని తలంచుడి. శిష్యులు రాత్రియంతయు వలలు వేసి, ఏమియు దొరకక అలసియుండిరి. ప్రభువు వారిని మొదట అడిగినది తినుటకేమైన ఉన్నదా యని. వారు ఒడ్డునకు వచ్చునప్పటికి నిప్పులు సిద్ధముగా నుండెను, వాటిపైన చేపయు, ప్రక్కన రొట్టెయు ఉండెను. పేతురును మందను మేపుమని పిలిచిన ఆ గొప్ప సంభాషణ భోజనమైన తరువాతనే జరిగినది. మరణమును జయించినవాడు పొయ్యి రాజేయుటకు సిగ్గుపడలేదు. గనుక మనము వంటను గూర్చి మాటలాడుట తక్కువ పని కాదు.

1. మా తప్పిదము

ఈ పాఠము మేము ఇతరులకు నేర్పుటకు ముందు మేమే నేర్చుకొనవలసివచ్చినది. అది దాచక చెప్పెదము.

కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘమునకు చేరిన యొక చిన్న పల్లెలో గృహ ప్రార్థన జరిగినది. బుధవారము రాత్రి ఒక్కొక్క యింట కూడుట మా వాడుక. ఆ వారము వంతు ఒక సహోదరిది. ఆమె భర్త బొంబాయికి కట్టడపు పనికి పోయియుండెను. ఇంట ఇద్దరు పిల్లలును, ముసలి అత్తయు ఉండిరి. ప్రార్థన ముగిసిన తరువాత ఆమె మా కందరికిని సన్నబియ్యపు అన్నము, కోడికూర, గారెలు వడ్డించి, చివరకు సీసాలలో చల్లని పానీయము కూడ ఇచ్చెను. మేము కడుపునిండ తింటిమి. అంతటితో ఊరకుండక, ఈ యేడు ఇంత మంచి విందు మరి యే యింటను తినలేదని పదిమంది యెదుట మెచ్చుకొంటిమి.

ఆ మెచ్చుకోలు ఏమి చేసినదో తరువాత తెలిసినది. మరుసటి వారము వంతు వచ్చినవారు వేటమాంసము తెచ్చిరి. ఆ తరువాతివారు మాంసముతో పాటు మిఠాయి తెచ్చిరి. క్రమముగా మా యింటికి రండని పిలుచువారు తగ్గిపోయిరి. ఒకరికి జ్వరము, ఒకరికి ఊరి ప్రయాణము. మేమైతే సంఘములో భక్తి చల్లారుచున్నదని ఆదివారమున గట్టిగా ప్రసంగించితిమి!

ఆ సహోదరి ఆరు ఆదివారములు ఆరాధనకు రాలేదు. మేము వారి యింటికి పోయితిమి. ఆమె అప్పుడే పత్తిచేను నుండి వచ్చి కాళ్లు కడుగుకొనుచుండెను. ఎన్నిసార్లు అడిగినను చాలసేపు చెప్పలేదు. చివరకు ఇట్లు చెప్పెను:

"మళ్ల మా వంతు దగ్గర పడ్డది గద అయ్యగారూ. పోయినసారి తెచ్చిన రెండువేలు ఇంక తీరలేదు. నూటికి మూడు రూపాల మిత్తి. మేకపిల్లను అమ్మి మిత్తి కట్టిన, అసలు అట్లనే ఉన్నది. ప్రార్థనకు వస్తే వంతు అడుగుతరు. వద్దంటే నలుగుర్ల ఇజ్జత్ పోతది. అందుకే వస్తలేను."

రెండువేలకు నూటికి మూడు చొప్పున నెలకు 60 రూపాయలు, సంవత్సరమునకు 720 రూపాయలు వడ్డీ. ఒక్క రాత్రి భోజనము కొరకు! నాతాను ప్రవక్త దావీదునకు చెప్పిన కథ (2 సమూయేలు 12:1–6) మాకు జ్ఞాపకమునకు వచ్చినది. బాటసారి వచ్చినప్పుడు ఐశ్వర్యవంతుడు తన మందను ముట్టక, పేదవాని ఒక్క గొఱ్ఱెపిల్లను తెప్పించి వండించెను. ఆ కథ మేము అనేక సార్లు బోధించితిమి. ఎన్నడును బాటసారి స్థానమున మమ్మును నిలువబెట్టుకొని చూడలేదు. ఆ పిల్లల మేకపిల్లను తిన్నవారము మేమే.

కొంతసేపటికి మేము ఆమెను ఇట్లు అడిగితిమి: "అమ్మా, ఇప్పుడు ఇంట ఏమున్నది?"

"గట్క, పచ్చిపులుసు. మీకు పెట్టేటివి గావయ్యగారూ."

"మాకు ఆకలిగా ఉన్నది. అదే పెట్టుము."

ఆమె వెనుకముందాడి, సత్తుపళ్లెములో వేడి గట్క వేసి, నడుమ గుంట చేసి పచ్చిపులుసు పోసి, ప్రక్కన ఒక ఉల్లిగడ్డ పెట్టెను. మేము రెండవమారు అడిగి వేయించుకొంటిమి. అత్తగారు మూలను కూర్చుండి చూచుచు, "అయ్యగారు గూడ మనోడేనే" అని నవ్వెను. ఆ యింట మేము చేసిన మొదటి నిజమైన దర్శనము అదియే యని చెప్పవలెను.

2. వాక్యము ఏమి నేర్పుచున్నది?

సొలొమోను రెండు ఇండ్లను మన ముందు పెట్టుచున్నాడు (సామెతలు 15:17). ఒక యింట కొవ్విన పశువు మాంసము కలదు, ద్వేషమును కలదు. మరియొక యింట ఆకుకూర మాత్రమే కలదు, దానితో ప్రేమ కలదు. రెండవదియే మేలని అతని తీర్పు. దీనికి ముందటి వచనములో నెమ్మదిలేని విస్తార ధనము కంటె దేవుని భయముతో కూడిన కొంచెమే మేలని చెప్పెను. అప్పుతో తెచ్చిన మాంసమునందు నెమ్మది యెక్కడిది?

సారెపతు విధవరాలిని చూడుడి. ఏలీయా రొట్టెముక్క అడిగినప్పుడు ఆమె తన యింట ఉన్నదానిని ఉన్నట్లు చెప్పెను. తొట్టిలో పట్టెడు పిండి, బుడ్డిలో కొంచెము నూనె. ఆమె సిగ్గుపడి దాచలేదు. ప్రవక్తయు పొరుగింటికి పోయి మంచి భోజనము తెమ్మనలేదు. ఉన్న పిండితోనే చిన్న అప్పము చేయమనెను. దేవుడు ఆశీర్వదించినది ఆమె యింట ఉన్న ఆ పట్టెడు పిండినే.

అబ్రాహాము లేత దూడను కోయించలేదా యని ఎవరైన అడుగవచ్చును (ఆదికాండము 18:7). కోయించెను, ఆ దూడ అతని మందలోనిది. ఉన్నవాడు ఉన్నదానిలోనుండి పెట్టెను, విధవరాలు ఉన్నదానిలోనుండి పెట్టెను. ఇద్దరిని ఒకే కొలతతో కొలువవచ్చును. గనుక పెండ్లికిగాని, పండుగకుగాని తన కలిమిలోనుండి విందు చేయువానిని ఈ పాఠము తప్పుపట్టదు. మాంసము తినుట పాపమనియు చెప్పదు.

అర్ధరాత్రి స్నేహితుడు వచ్చినప్పుడు పొరుగువానిని మూడు రొట్టెలు అడిగినవాని సంగతి ప్రభువు చెప్పెను గదా (లూకా 11:5–8) యందురేమో. అది చేబదులు. పొరుగువాడు రొట్టెకు వడ్డీ వేయలేదు. ఉప్పు, మిరపకాయ, గ్లాసెడు పప్పు ఇరుగుపొరుగున చేబదులు తెచ్చుకొనుట మన పల్లెల మేలైన వాడుక. అది పోకూడదు. వడ్డీకి తెచ్చుట వేరు.

చివరిగా కొరింథు సంఘము. అచ్చట ప్రభువు భోజనమునకు కూడివచ్చినప్పుడు కలిగినవారు ముందుగా తిని త్రాగుచుండిరి, లేనివారు ఆకలితో నిలిచి సిగ్గుపడుచుండిరి. పౌలు వారిని కఠినముగా గద్దించి, లేనివారిని సిగ్గుపరచుట దేవుని సంఘమును తిరస్కరించుటయేనని చూపెను. మా గృహ ప్రార్థనలలో ఎవరిని ఎవరును ఆకలితో ఉంచలేదు. అయినను లేనివారిని సిగ్గుపరచితిమి. కోడికూర మెచ్చుకొన్న నాడే గట్క తిను ఇండ్ల తలుపులు మూసితిమి.

3. గట్కను గూర్చిన సిగ్గు ఎక్కడిది?

ఈ సిగ్గు ఒక్కనాటిది కాదు. మన పాలమూరు, నల్లగొండ మెట్టలలో చెరువు క్రింద కొంచెము వరి తప్ప తక్కినదంతయు జొన్న, సజ్జ, కంది, ఆముదము. మన పెద్దలలో అనేకులు ఇతరుల పొలములలో కూలిచేసి, కూలి ధాన్యముగా తెచ్చుకొనినవారు. వరియన్నము పండుగనాటి భోజనము. నాగార్జునసాగరు పునాదిరాయి 1955లో వేసిరి, కాలువలకు నీరు 1967లో విడిచిరి. ఎడమ కాలువ పారిన మిర్యాలగూడెము, హుజూర్‌నగరు వైపు వరి పెరిగినది. కాలువ రాని మెట్టలలో చాలకాలము జొన్నయే ఆధారము. 1983లో ఎన్‌.టి. రామారావు ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్యము ఇచ్చుట ప్రారంభించిన తరువాత పేద యింటను ప్రతిదినము అన్నము ఉడికినది. అది గొప్ప మేలు. దానితో పాటు, ఇంకను గట్క తినువాడు మరీ లేనివాడను తలంపు కూడ పల్లెలో నాటుకొన్నది.

2025 మార్చి 30న హుజూర్‌నగరులోనే తెలంగాణ ప్రభుత్వము రేషను కార్డుల వారికి మనిషికి నెలకు ఆరు కిలోల సన్నబియ్యము ఉచితముగా ఇచ్చు పథకమును ప్రారంభించినది. జొన్నలైతే పండించుకొనవలెను, లేక కొనవలెను. ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. మన అవ్వలు బంధువులు వచ్చినప్పుడు మూతపెట్టి దాచిన జొన్నరొట్టెను నేడు హైదరాబాదు వీధులలో నిలువబడి కొనుక్కొని తినుచున్నారు. ధాన్యము అదియే, మనుష్యుల చూపు మారినది. మనుష్యుల చూపును బట్టి మారు సిగ్గును మనము దేవుని యెదుటికి తీసికొనిపోవలసిన పనిలేదు.

ఇంకొక లోతైన సంగతి కలదు. మన పెద్దల చేతినీళ్లు ముట్టనివారు ఊరిలో ఉండిరి. కొన్ని ఊళ్లలో చాయ హోటళ్లలో మనవారికి వేరు గ్లాసులు ఉండెడివి. సువార్త వచ్చినప్పుడు అందరును ఒక్క పంక్తిని కూర్చుండి తినుట మన పెద్దలకు ప్రసంగము కంటె పెద్ద ప్రసంగము. అంతియొకయలో పేతురు అన్యజనులతో భోజనము మాని వెనుకకు తీసినప్పుడు పౌలు ఊరకుండలేదు (గలతీయులకు 2:11–14). అట్టి పంక్తి మనకు దొరికిన తరువాత, దానిలో మాంసము పెట్టు ఇండ్లనియు గట్క పెట్టు ఇండ్లనియు మనమే గీత గీయుదుమా?

4. పదిమందికి సరిపడు సామాన్య వంటలు

ధరలు వారవారము మారును గనుక రూపాయలు వ్రాయము, కొలతలు మాత్రము వ్రాసెదము. ఇవి ఆ సహోదరియు, మా స్త్రీల సమాజము వారును చెప్పినవి. వండు చేయి మాది కాదు, వ్రాయు చేయి మాత్రమే మాది.

జొన్నగట్క: ఒక కిలో జొన్నరవ్వను చెరిగి, రవ్వను పిండిని వేరుచేయవలెను. రవ్వను కడిగి ముందు రాత్రియే నానబెట్టినయెడల త్వరగా ఉడుకును, కట్టెలును మిగులును. రవ్వకు నాలుగు రెట్లు నీళ్లు కొలిచి, ఉప్పువేసి మసలనిచ్చి, రవ్వ పోసి, అడుగంటకుండ తెడ్డుతో కలుపుచు సన్నని మంటమీద అరగంట ఉడికించవలెను. మెత్తబడిన పిమ్మట వేరుచేసిన పిండిని చన్నీళ్లలో కలిపి పోసి, మరి పది నిమిషములు ఉంచి, దించి మూతపెట్టి మగ్గనీయవలెను. తొందరపడి మూత తీయకుడి. మగ్గిన గట్కకే రుచి.

పచ్చిపులుసు: రెండు నిమ్మకాయలంత చింతపండు నానబెట్టి, పిసికి, రెండు లీటర్ల నీళ్లలో కలుపవలెను. పది పచ్చిమిరపకాయలను నిప్పులమీద కాల్చి, ఉప్పు, జీలకర్రతో చేతితో నలిపి వేయవలెను. నాలుగు ఉల్లిగడ్డలు సన్నగా తరిగి, కొత్తిమీర చేర్చి, వేయించి దంచిన నువ్వులపొడి రెండు చెంచాలు కలిపినయెడల చిక్కబడును. ఒక చెంచా నూనెలో ఆవాలు, కల్యమాకు పోపు పెట్టిన చాలును. పులుసును కాచనక్కరలేదు. ఎండకాలములో పొయ్యి దగ్గర కూర్చుండు తల్లికి ఇది విశ్రాంతి.

ఆకుకూర పప్పు: పావుకిలో కందిపప్పును గంటసేపు నానబెట్టి ఉడికించి, రెండు కట్టల పుంటికూర గాని, చుక్కకూర గాని, గంగవాయిలికూర గాని వేసి మెత్తగా ఎనుపవలెను. చైత్ర వైశాఖములలో చింతచిగురు ఊరకే దొరకును. కోసి నీడను ఎండబెట్టి దాచుకొన్న యెడల వానకాలమునకును వచ్చును. అనుకోకుండ నలుగురు ఎక్కువ వచ్చినప్పుడు అదే పప్పునకు చింతపండు రసము, నీళ్లు, రెండు ఉల్లిగడ్డలు చేర్చి పప్పుచారు చేయవచ్చును. గిన్నె పెద్దదగును, ఎవరును ఆకలితో లేవరు.

జొన్నరొట్టె: జొన్నపిండికి గోధుమపిండి వలె జిగురు లేదు. మసలిన నీళ్లతో కలిపి బాగుగ మర్దించినగాని రొట్టె విరిగిపోవును. ఒకసారి ఒక్క రొట్టెకు చాలినంతే కలిపి, చేతితో తట్టి, పెంకమీద వేసి, పైన తడిచేయి రాయవలెను. పల్లీలు వేయించి, ఎండుమిరపకాయలు, ఎల్లిగడ్డ, ఉప్పు, కొంచెము చింతపండుతో నూరిన తొక్కు దీనికి సాటిలేని తోడు. వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు పల్లీ పండని ఊరు అరుదు గదా.

సర్వపిండి: దీనిని కొన్ని ఊళ్లలో తపాలచెక్క యందురు. రేషను బియ్యము మిగిలిన యింటికి ఇది మంచిది. ఒక కిలో బియ్యపుపిండిలో నానబెట్టిన శనగపప్పు, దంచిన పల్లీలు, నువ్వులు, ఉల్లిగడ్డలు, కల్యమాకు, కారము, ఉప్పు కలిపి, గిన్నె లోపల నూనె రాసి పలుచగా ఒత్తి, వ్రేలితో రంధ్రములు చేసి, ఒక్కొక్క చుక్క నూనె వేసి, మూతపెట్టి సన్నని మంటమీద కాల్చవలెను. సెలవులకు వచ్చిన పిల్లలు హాస్టలుకు పోవునప్పుడు కట్టి ఇచ్చినను రెండు దినములు ఉండును.

మిగిలినదానిని పారవేయకుడి. ప్రభువు అయిదువేలమందికి పంచినవి యవల రొట్టెలు, అనగా ఆ దేశములో పేదవారు తిను రొట్టెలు. వాటి ముక్కలను కూడ నష్టము కానీయక పన్నెండు గంపలు ఎత్తించెను (యోహాను 6:9–13). మిగిలిన గట్కలో నీళ్లు పోసి రాత్రి ఉంచి, ఉదయమున మజ్జిగ, ఉప్పు, ఉల్లిగడ్డ చేర్చిన అంబలి యగును. పొలము పోవువానికి అది మధ్యాహ్నము వరకు నిలుచును.

ఈ భోజనము పేద భోజనమే గాని బలహీనమైనది కాదు. జొన్నలోను బియ్యములోను కొరతగానున్న మాంసకృత్తుల భాగము పప్పులలో సమృద్ధిగా కలదు, పప్పులో తక్కువైనది ధాన్యములో కలదు. రెండును ఒక్క పళ్లెములో కలిసినప్పుడు ఒకదాని లోటు మరియొకటి తీర్చును. సంఘమును అట్లే యుండవలెను.

5. వండు నీళ్లను గూర్చి ఒక మాట

మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు ప్రాంతముల వారికి ఈ మాట చెప్పనక్కరలేదు. వంగిన కాళ్లు, బిగిసిన నడుములు ప్రతి ఊరిలో చూచితిమి. అయినను కొందరు త్రాగుటకు నల్లా నీళ్లు, వండుటకు బోరు నీళ్లు వాడుచున్నారు. నీళ్లు కాచినందున ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరిన కొలది మిగిలిన నీటిలో అది చిక్కబడును. గట్కలోను పప్పులోను మనము నీటినే తినుచున్నాము. గనుక ఇంటికి వచ్చు శుద్ధిచేసిన కృష్ణానీటిని త్రాగుటకు మాత్రమే గాక వంటకును వాడుడి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 2002లో ప్రచురించిన పరీక్షలో, చింతపండు తిన్న బాలురకు మూత్రము ద్వారా ఫ్లోరైడు ఎక్కువగా బయటికి పోయినట్లు కనబడినది. అంతమాత్రమున పచ్చిపులుసు మందు కాదు, మంచి నీళ్లకు బదులును కాదు. మన అవ్వల వంటను చులకనగా చూడకూడదనుటకు మాత్రము అది చాలును.

6. సంఘము చేసికొన్న కట్టుబాటు

ఆ సహోదరి పేరు చెప్పక, మా తప్పిదమును మేము ఆదివారమున సంఘము ఎదుట ఒప్పుకొంటిమి. ఆ సాయంత్రము పెద్దలు కూడిరి. ఒక పెద్దమనిషికి ఈ ఆలోచన నచ్చలేదు. "పదిమందిని పిలిచి పచ్చిపులుసు పోస్తే ఊరోళ్లు నవ్వరా?" అని ఆయన అడిగెను. స్త్రీల సమాజములోని ఒక ముసలమ్మ, "అప్పు చేసినప్పుడు గూడ నవ్వుతనే ఉన్నరు బిడ్డా, మనకు ఇనబడలేదు" అని జవాబిచ్చెను. చాలసేపు మాటలాడిన తరువాత ఈ నాలుగు సంగతులు నిర్ణయించితిమి:

మొదటిది, గృహ ప్రార్థనలో ఒక ధాన్యము, ఒక పప్పు లేక పులుసు మాత్రమే వడ్డించవలెను. రెండవది, కలిగినవారును ఈ కట్టుబాటు దాటకూడదు. దాటినయెడల తరువాతి యింటిమీద బరువు పడును. మూడవది, వచ్చువారు పిడికెడు బియ్యమో, రెండు ఉల్లిగడ్డలో తెచ్చి, పేరు చెప్పక పొయ్యి దగ్గర పెట్టవలెను. నాలుగవది మాకొరకే: కాపరి ఒక యింటి వంటను మరియొక యింటి వంటతో పోల్చి పొగడరాదు.

వండుటకు ముందు పిడికెడు బియ్యము తీసి దేవునికని డబ్బాలో వేయుట మన తల్లులకు అలవాటే. స్త్రీల సమాజము అట్లు చేరిన బియ్యమును అమ్మి, ఆ సహోదరికి అసలు తీర్చుటకు ఇచ్చెదమనిరి. ఆమె దానముగా తీసికొననని చెప్పెను. వడ్డీలేని చేబదులుగా తీసికొని, పత్తికూలితో కొంచెము కొంచెముగా తీర్చెను. ఆమె వంతు వచ్చిన బుధవారము పెద్ద కుండెడు గట్క వండెను. నవ్వుదురని భయపడిన ఆ పెద్దమనిషియు వచ్చెను. ఆయన తినెను గాని ఏమియు మాటలాడలేదు.

అన్నియు చక్కబడినవని మేము చెప్పము. రెండిండ్లవారు కట్టుబాటును మన్నించలేదు. ఒకరు అలిగి కొంతకాలము కూడికకు రాలేదు. గొప్పకొరకు పెట్టుట మనలో పాతుకొన్న అలవాటు, అది ఒక్క తీర్మానముతో పోదు. అయితే మూసికొన్న తలుపులు కొన్ని తెరచుకొన్నవి. మునుపెన్నడును పిలువని ఒక విధవరాలు మొన్న తానే వంతు అడిగి తీసికొన్నది.

కూడికలో మాటలాడుకొనుటకు ప్రశ్నలు

1. సారెపతు విధవరాలు తన యింటి లేమిని దాచక చెప్పెను. మనము అతిథి యెదుట దేనిని దాచుచున్నాము? ఎందుకు?

2. చేబదులునకును వడ్డీ అప్పునకును భేదమేమి? మన ఊరిలో విందులకొరకు చేసిన అప్పు ఎన్ని యిండ్లను బాధించుచున్నది?

3. కొరింథు సంఘము చేసిన తప్పిదము మన ప్రేమ విందులలో ఏ రూపమున కనబడుచున్నది?

4. మన పొగడ్త ఎవరిమీదనైన భారము వేసినదా?

ఈ నెల చేయవలసిన పని: మీ యింటికి చాలకాలముగా రాని ఒక కుటుంబమును, లేక మీరు ఎన్నడును పిలువని పొరుగువానిని, ఒక పూట భోజనమునకు పిలువుడి. ఆ పూటకు ఏదియు కొనకుడి. ఇంట ఉన్నదానినే వేడిగా వడ్డించుడి. మీరు అతిథిగా పోయినప్పుడు పెట్టినదానిని సంతోషముగా తినుడి, మరికొంచెము అడుగుడి.

ప్రార్థన: సముద్రతీరమున శిష్యులకొరకు నిప్పులు రాజేసిన ప్రభువా, మా పొయ్యిలను ఆశీర్వదించుము. మా యింట ఉన్న కొంచెమును చూచి సిగ్గుపడిన మమ్మును, ఇతరుల కొంచెమును చూచి చిన్నచూపు చూచిన మమ్మును క్షమించుము. అప్పుల భారమును మోయుచున్న తల్లులను జ్ఞాపకము చేసికొనుము. వలస పోయిన తండ్రులను క్షేమముగా ఇంటికి చేర్చుము. మా గట్కలోను, మా పులుసులోను నీవు మాతోకూడ పంక్తిని కూర్చుండుము. ఆమేన్.